మధ్యయుగం అంటే బంధనం, పునరుజ్జీవనం అంటే స్వేచ్ఛ: ఇంత తేలిగ్గా తేల్చేయొచ్చా?

వేయిస్తంభాలు | రాత్రి 8:40

అందరికీ నమస్కారం. ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. వచ్చే వారం క్లాసులో సెమినార్ ఇవ్వాల్సినదాన్ని. విశ్వాసాన్నీ మనిషి స్వేచ్ఛనూ మధ్యయుగ ఐరోపా ఎలా చూసింది, పునరుజ్జీవన కాలం ఎలా చూసింది అన్నది అంశం. మా నోట్సులో దీని మీద ఉన్నది రెండే వాక్యాలు: మధ్యయుగంలో మనిషి దేవుడి చేతిలో కీలుబొమ్మ, పునరుజ్జీవనంలో తన తలరాత తానే రాసుకున్నాడు.

వాటినే కాస్త పెంచి చెప్పేద్దామనుకున్నా. ఈలోగా ఇటలీ కవి పెట్రార్క్ ఉత్తరం ఒకటి చదివాను. 1336 ఏప్రిల్ 26న తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఫ్రాన్స్‌లో వెంతూ కొండ ఎక్కాడట. పైన నిలబడి చుట్టూ చూసి మురిసిపోతూ, వెంట తెచ్చుకున్న అగస్టీన్ పుస్తకం తెరిచాడు. ఆ పేజీలో ఉన్నది ఇది: మనుషులు కొండల ఎత్తు చూసి, సముద్రపు అలలు చూసి ఆశ్చర్యపోతారు, తమను తాము మాత్రం పట్టించుకోరు. అది చదివి తన మీద తనకే కోపం వచ్చి, కిందికి దిగేదాకా నోరు విప్పలేదట.

మానవతావాదులకు, అంటే ప్రాచీన గ్రీకు, లాటిన్ గ్రంథాలను మళ్లీ పట్టుకున్న పునరుజ్జీవన పండితులకు, ఆద్యుడని చెప్పే మనిషి కొండెక్కి వెయ్యేళ్ల కిందటి బిషప్పు మాటకు తలవంచాడు. మరి మా నోట్సు గీత ఎక్కడ గీసినట్టు? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతకాగితం | రాత్రి 9:25

అమ్మా, ముందు ఆ మొదటి వాక్యం కొట్టెయ్. ముప్పై ఏళ్లు ఐరోపా చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, ఆ కీలుబొమ్మ మాట దిద్దీ దిద్దీ అలసిపోయాను.

మధ్యయుగ పండితులు పట్టుబట్టి కాపాడిన విషయాల్లో స్వేచ్ఛా సంకల్పం, అంటే తన దారి తానే ఎంచుకోగల శక్తి, ఒకటి. థామస్ అక్వినాస్ (1225–1274) వాదన చూడు. మనిషికి స్వేచ్ఛే లేకపోతే సలహా, హెచ్చరిక, ఆజ్ఞ, నిషేధం, బహుమానం, శిక్ష ఇవన్నీ దండగే కదా అంటాడు. ఆ పక్కనే గొర్రె ఉదాహరణ ఇస్తాడు. తోడేలు కనబడగానే గొర్రె పరుగెడుతుంది. పారిపోవాలన్న తీర్పు దానికీ ఉంది, కానీ అది పుట్టుకతో వచ్చింది, ఆలోచించి చేసింది కాదు. మనిషి ఇటూ అటూ పోల్చుకుని చూస్తాడు గనుక ఎటైనా పోగలడు. ఆ పోల్చుకోవడంలోనే స్వేచ్ఛ ఉందంటాడు.

ఇంకొకటి. 1277 మార్చి 7న పారిస్ బిషప్ తాంపియే 219 ప్రతిపాదనలను నిషేధించాడు. సాధారణంగా దాన్ని ఆలోచన మీద చర్చి వేసిన సంకెల అని చెబుతారు, అది నిజమే. అయితే ఆ జాబితాలో ఏముందో చూడు. మన సంకల్పం నక్షత్రాలకు లోబడి నడుస్తుందనే మాట కూడా నిషేధాల్లో ఉంది. అంటే సంకల్పానికి స్వేచ్ఛ లేదని బోధించడమే అక్కడ నేరం!

మరి తేడా ఎక్కడుంది? స్వేచ్ఛ అనే మాటకు వాళ్లిచ్చిన అర్థంలో. ఆన్సెల్మ్ (1033–1109) దృష్టిలో పాపం చేయగలగడం స్వేచ్ఛలో భాగమే కాదు. సంకల్పాన్ని వంకర పోకుండా, ఆ నిటారుతనం కోసమే నిలబెట్టుకోగల శక్తికి ఆయన స్వేచ్ఛ అని పేరు పెట్టాడు. ఈ లెక్కన తప్పు చేయలేని దేవుడు మనకన్నా స్వతంత్రుడు. మనం మామూలుగా ఎంచుకునే వీలును స్వేచ్ఛ అంటాం. ఆయన దృష్టిలో మంచికి అంటిపెట్టుకుని ఉండగలగడం స్వేచ్ఛ. విశ్వాసం సంగతీ అంతే. అర్థం చేసుకోవడం కోసం నమ్ముతున్నాను అన్నాడాయన. నమ్మాక ఆలోచించడం మానేస్తాననలేదు.

నిప్పుకణిక | రాత్రి 9:52

మాస్టారూ, మీ మాట మీద గౌరవంతోనే అడుగుతున్నాను. పుస్తకంలో సంకల్పం స్వేచ్ఛ అని రాసుకున్నారు సరే. బయట ఏం చేశారు? పీటర్ అబెలార్డ్ 158 ప్రశ్నలు తీసుకుని, ఒక్కోదాని మీద చర్చి పెద్దల మాటలే ఒకదానికొకటి ఎలా అడ్డం తిరుగుతున్నాయో పక్కపక్కన పెట్టి చూపించాడు. 1121లో స్వాసోఁ సభలో త్రిత్వం మీద తను రాసిన పుస్తకాన్ని తన చేత్తోనే నిప్పుల్లో వేయించారు. చర్చిని విమర్శించిన చెక్ బోధకుడు యాన్ హుస్‌కు చక్రవర్తి అభయపత్రం ఇచ్చి పిలిపించి, 1415లో కాన్‌స్టాన్స్‌లో సజీవంగా కాల్చేశారు. కాలిపోతున్నవాడికి నీ సంకల్పం స్వేచ్ఛే సుమా అని చెబితే ఏం ఒరిగింది? సెమినార్‌లో ఆ అమ్మాయి ఇది చెప్పకపోతే చరిత్రకు అన్యాయం జరుగుతుంది.

పాతకాగితం | రాత్రి 10:10

చెప్పి తీరాలి. మీ కోపం న్యాయమైంది.

అయితే ఆ రెండూ ఒక చోట ముడిపడి ఉన్నాయి, అది చూడండి. అన్యమతస్థుణ్ణి బలవంతంగా విశ్వాసంలోకి లాగకూడదు, నమ్మడం సంకల్పానికి చెందిన పని అంటాడు అక్వినాస్. అదే చోట, ఒకసారి నమ్మి మాట ఇచ్చినవాడు మాత్రం దాన్ని నిలబెట్టుకోవాల్సిందే, బలవంతం చేసైనా నిలబెట్టించవచ్చు అంటాడు. తర్వాతి ప్రశ్నలోకి వెళ్లేసరికి, పట్టు విడవని మతభ్రష్టులకు మరణశిక్ష కూడా తగినదే అంటాడు. నీకు స్వేచ్ఛ ఉంది, అయినా తప్పు దారి ఎంచుకున్నావు, కాబట్టి దోషివి. స్వేచ్ఛా సంకల్పం అనే సిద్ధాంతం మనిషికి గౌరవమూ ఇచ్చింది, ఆ మనిషినే కట్టెల మీదికీ ఎక్కించింది. లోపలి సంకల్పానికి స్వేచ్ఛ ఉండటం వేరు, బయట మాట్లాడే హక్కు వేరు. మన తెలుగులో రెంటికీ ఒకే మాట వాడటం వల్ల పాఠం చెప్పేటప్పుడు ఎప్పుడూ ఇబ్బందే.

ఆర్నో_ఒడ్డున | రాత్రి 11:05

నేను ఫ్లోరెన్స్‌లో ఉంటున్నాను, ఊరు నెల్లూరు. పుస్తకాల గురించి మాస్టారంత తెలియదు గానీ, ఈ ప్రశ్నకు ఇక్కడ కళ్లకు కనబడే జవాబు ఒకటుంది.

నది ఇవతల కార్మినే చర్చిలో బ్రాంకాచి మందిరం ఉంది. లోపల ఎదురెదురుగా రెండు చిత్రాలు, రెండూ 1420ల నాటివి. ఒకటి మసోలీనో వేసింది. పండు తినబోయే ముందు ఆదాము, హవ్వ ప్రశాంతంగా నిలబడి ఉంటారు, పాము తల కూడా అందంగానే ఉంటుంది. రెండోది మసాచో వేసింది. తోటలోంచి వెళ్లగొట్టబడ్డ ఇద్దరూ నడుస్తుంటారు. ఆదాము రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు, కడుపు లోపలికి లాక్కుపోయి ఉంది. హవ్వ తల పైకెత్తి నోరు తెరిచి ఏడుస్తోంది. కళ్లు రెండు గుంటల్లా ఉంటాయి. తర్వాతి కాలంలో ఎవరో ఆకులు గీసి నగ్నత్వం కప్పేశారు, 1980ల్లో శుభ్రం చేసినప్పుడు వాటిని తీసేశారు. కథ పాతదే, పాపం పాతదే, బోధన కూడా మధ్యయుగానిదే. కానీ ఆ ఏడుపు మన పక్కింట్లోంచి వినబడుతున్నట్టు ఉంటుంది. కొత్తగా వచ్చింది ఇదేనని నాకనిపిస్తుంది. నమ్మకం పోలేదు. నమ్మే మనిషిని, తప్పు చేసిన మనిషిని దగ్గరికెళ్లి చూడటం మొదలైంది.

ఇంకో సంగతి కూడా. 1195 ప్రాంతంలో లొతారియో అనే కార్డినల్ మానవ జన్మ ఎంత దౌర్భాగ్యమో ఒక పుస్తకం రాశాడు. 1198లో ఈయనే మూడో ఇన్నోసెంట్ అనే పేరుతో పోప్ అయ్యాడు. చెట్లు పూలూ పండ్లూ ఇస్తాయి, నువ్వేమిస్తావు? పేలు, ఉమ్మి, మలమూత్రాలు అంటాడు అందులో. మనిషి గొప్పతనం మీద కూడా ఇంకోటి రాస్తానన్నాడు, రాయలేదు. రెండున్నర శతాబ్దాల తర్వాత, 1450ల్లో, ఫ్లోరెన్స్ వాడే అయిన జన్నొజ్జో మనేత్తి ఆ మాటను పేరు పెట్టి మరీ ఎదుర్కొన్నాడు. మనిషి ఇచ్చే ఫలాలు పేలూ ఉమ్మీ కావు, అతని బుద్ధి, సంకల్పం చేసే పనులే అతని ఫలాలు అన్నాడు. 1436లో పూర్తయిన బ్రూనెల్లెస్కి గుమ్మటాన్నే అందుకు సాక్ష్యంగా చూపించాడు. మా వంటింటి కిటికీలోంచి ఆ గుమ్మటం ఎర్ర పెంకులు కొంచెం కనబడతాయి. మబ్బు పట్టిన రోజు కూడా ఆ ఎరుపు తెలుస్తూనే ఉంటుంది.

వేయిస్తంభాలు | రాత్రి 11:20

అక్కా, ఇది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. పీకో గురించి కూడా చెప్పరా? మా నోట్సు రెండో వాక్యం ఆయన్నుంచే వచ్చినట్టుంది.

ఆర్నో_ఒడ్డున | రాత్రి 11:48

ఆయన్నుంచే. ఇటలీ తత్వవేత్త పీకో దెల్లా మిరాందొలా పుట్టింది 1463లో. 23 ఏళ్ల వయసులో, 1486లో, 900 ప్రతిపాదనలు అచ్చువేసి, ఎవరైనా రండి, రోములో వాదించుకుందాం అన్నాడు. దూరం నుంచి వచ్చేవాళ్లకు దారి ఖర్చులు కూడా తనే ఇస్తానన్నాడు. ఆ సభ కోసం రాసుకున్న ప్రసంగంలో దేవుడు ఆదాముతో మాట్లాడతాడు. దాని సారం ఇది: నీకు ఫలానా స్థానమని గానీ, ఫలానా రూపమని గానీ నేను కేటాయించలేదు. నువ్వు పరలోకానికీ చెందవు, భూమికీ చెందవు. నిన్ను నువ్వే మలుచుకో. పశువు స్థాయికి దిగజారగలవు, దైవం వైపు ఎదగగలవు.

ఆన్సెల్మ్ పక్కన పెట్టి చూడు. అక్కడ మంచి అనేది ముందే ఉంది, దానికి అంటిపెట్టుకోవడమే స్వేచ్ఛ. ఇక్కడ మనిషికంటూ ముందుగా కేటాయించిన చోటే లేదు. మధ్యయుగంలో రాయి, చెట్టు, జంతువు, మనిషి, దేవదూత అంటూ మెట్లమీద మెట్లుగా ఉన్న లోకంలో ఒక్క మనిషి మెట్టును మాత్రం పీకో ఖాళీ చేసేశాడు.

అయితే కథ అక్కడ ఆగలేదు. సభ జరగనేలేదు. పోప్ 8వ ఇన్నోసెంట్ వేసిన సంఘం 13 ప్రతిపాదనలను తప్పుబట్టింది, పీకో సమర్థించుకోబోతే మొత్తం పుస్తకాన్నే నిషేధించారు. ఫ్రాన్స్‌కు పారిపోయాడు, అక్కడ పట్టుబడ్డాడు, ఫ్లోరెన్స్‌ను ఏలుతున్న లొరెంజో మెదిచి అండతో ఫ్లోరెన్స్ చేరాడు. చివరి రోజుల్లో సావొనరోలా అనే సన్యాసి బోధకుడి ప్రభావంలో పడ్డాడు. 31 ఏళ్లకే, 1494 నవంబరు 17న పోయాడు. సన్యాసి వస్త్రంలో సాన్ మార్కోలో పాతిపెట్టారు. ఆ ప్రసంగాన్ని ఎవరూ వినలేదు, ఆయన పోయాక అచ్చయింది. నిన్ను నువ్వే మలుచుకో అని రాసిన మనిషి తనను ఎటు మలుచుకున్నాడో చూశావా? పశువు వైపు కాదు, లోకం వైపూ కాదు. ప్రార్థన వైపు.

ధవళేశ్వరం | ఉదయం 6:15

రాత్రి చదివి నిద్రపోయాను, పొద్దున్నే రాస్తున్నా. ఇందాకటి నుంచి అందరూ దేవుడు, మనిషి అంటున్నారు. ఇద్దరి మధ్యలో ఇంకొకర్ని మర్చిపోయారు: అదృష్టదేవత.

నేను నీటిపారుదలలో పనిచేసి రిటైరయ్యాను. అందుకే ఫ్లోరెన్స్ రచయిత మాకియవెల్లి ‘ది ప్రిన్స్’ పుస్తకంలో 25వ అధ్యాయం నాకు బాగా గుర్తు. మన పనుల్లో సగం అదృష్టం చేతిలో ఉంటే మిగతా సగమో, కాస్త తక్కువో మన చేతిలో వదిలిపెట్టింది అంటాడు. ఇలా అనుకోవడం మన స్వేచ్ఛా సంకల్పం చచ్చిపోకుండా ఉండటానికే అని కూడా చెబుతాడు. వెంటనే అదృష్టాన్ని నదితో పోలుస్తాడు. వరదొచ్చినప్పుడు చెట్లు కూలుస్తుంది, ఇళ్లు కూలుస్తుంది, ఒక చోటి మట్టి ఇంకో చోటికి మోసుకుపోతుంది, ఎవ్వరూ ఎదురు నిలబడలేరు. కానీ నది నిమ్మళించిన రోజుల్లో గట్లు పోసుకోవచ్చు, కాలువలు తవ్వుకోవచ్చు.

86 వరదలో గట్టు మీద రాత్రంతా ఇసుక బస్తాలు వేయించినవాణ్ణి. లాంతరు పట్టుకుని గట్టు వెంట నడుస్తూ, ఎక్కడ చెమ్మ ఊరుతోందో చెప్పులు విడిచి కాలితో తడిమి చూసేవాళ్లం. ఆ అధ్యాయం చదివినప్పుడల్లా ఆ చెమ్మ నా కాలికి తగులుతుంది. అందులో కృప లేదు, పాపం లేదు, పరలోకం లేదు. వరద ఎవరి పాపానికి వచ్చిందని మాకియవెల్లి అడగలేదు. వేసవిలో గట్టు పోశావా లేదా అని అడిగాడు. 1513లో రాసిన ఈ మాట దగ్గరికి వచ్చేసరికి నాకు మాత్రం లోకం మారిందనే అనిపిస్తుంది.

బ్రాడీపేట | ఉదయం 9:30

ధవళేశ్వరం గారూ, లోకం మారిందంటున్నారు. మరి ఆ తర్వాత పన్నెండేళ్లకే పుట్టిన పుస్తకం సంగతేంటండీ? చర్చిపై తిరగబడి ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన జర్మన్ సన్యాసి లూథర్ 1525 డిసెంబరులో అచ్చువేసింది, బందీ అయిన సంకల్పం గురించినది.

మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. 1842లో హేయర్ దొర వచ్చినప్పటి నుంచి మా ఊళ్లో లూథరన్లున్నారు. కన్ఫర్మేషన్‌కి (విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకునే ఆచారం) ముందు మేమంతా లూథర్ చిన్న కాటికిజం, అంటే ప్రశ్నోత్తరాల బోధన పుస్తకం, కంఠతా పట్టాల్సిందే. అందులో పరిశుద్ధాత్మ గురించిన వివరణ ఒకటుంది: నా సొంత బుద్ధితో గానీ నా సొంత బలంతో గానీ నేను క్రీస్తును నమ్మలేను, ఆయన దగ్గరికి రాలేను అని ఒప్పుకోవడం. పదమూడేళ్ల వయసులో గుడి వరండాలో చాప మీద కూర్చుని, ఆ మాటలు తప్పు పోకుండా అప్పజెప్పాను. వాటి వెనక అంత పెద్ద యుద్ధం ఉందని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

1524లో ఎరాస్మస్ స్వేచ్ఛా సంకల్పాన్ని సమర్థిస్తూ రాశాడు. ఈయన పునరుజ్జీవన పండితుల్లో మకుటం లాంటివాడు, గ్రీకు కొత్త నిబంధనను 1516లో అచ్చువేసినవాడు. అందులో ఒక తండ్రి, ఒక బిడ్డ. బిడ్డ ఇంకా సరిగ్గా నడవలేడు, పడిపోయాడు. తండ్రి లేవదీస్తాడు. అవతల ఒక ఆపిల్ పండు పెట్టి చూపిస్తాడు. బిడ్డకు పరుగెత్తాలని ఉంది, కాళ్లు నిలవట్లేదు. తండ్రి చెయ్యందిస్తాడు, అడుగులు సరిచేస్తాడు. చివరికి పండు చేతిలో పెడతాడు. బిడ్డ సాధించిందంతా తండ్రి దయే. అయినా ఆ చిన్న కాళ్లు కూడా ఎంతో కొంత చేశాయా లేదా?

లూథర్ జవాబులో బిడ్డ లేడు, వాహన పశువు ఉంది. మనిషి సంకల్పం దాని లాంటిది. దేవుడు ఎక్కితే దేవుడు వెళ్లమన్న చోటికి పోతుంది, సాతాను ఎక్కితే సాతాను వెళ్లమన్న చోటికి. ఎవరెక్కాలో ఎంచుకునే వీలు దానికి లేదు. చదివితే భయం వేస్తుంది, నాకూ వేసింది. కానీ ఆ పుస్తకం చివర్లో ఆయన మనసు బయటపడుతుంది. వీలైనా సరే, నాకు స్వేచ్ఛా సంకల్పం వద్దంటాడు. రక్షణ నా చేతిలోనే ఉంటే ఎంత చేసినా ఇది చాలునా అనే అనుమానం నన్ను వదలదు, ఆయన చేతిలో ఉంది గనుక నిశ్చింతగా ఉన్నానంటాడు. మఠంలో ఏళ్ల తరబడి ఒప్పుకోలు చేసీ చేసీ శాంతి దొరకని మనిషి మాట అది.

1537లో ఒక ఉత్తరంలో, నా పుస్తకాల్లో ఉంచదగినవి బహుశా ఈ బందీ సంకల్పం, కాటికిజం మాత్రమే అన్నాడు. నేను వరండాలో అప్పజెప్పినదీ, ఎరాస్మస్‌కు రాసిన ఆ జవాబూ ఒక తల్లి బిడ్డలేనని తెలిసిన రోజు చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

తిరునామం | ఉదయం 10:05

బ్రాడీపేట గారు చెప్పింది చదవగానే మా ఇంట్లో తాతగారు చెప్పే మాట గుర్తొచ్చింది. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం. కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా పట్టుకోవాలి, పిల్లిపిల్లను మాత్రం తల్లే నోట కరుచుకుని తీసుకెళుతుంది. శరణాగతిలో జీవుడి ప్రయత్నం ఎంత అన్న దాని మీద శ్రీవైష్ణవుల్లో వడగలై, తెంగలై రెండుగా చీలింది ఇక్కడే. ఎరాస్మస్‌ది కోతిపిల్ల, లూథర్‌ది పిల్లిపిల్ల అనుకోవచ్చా?

పాతకాగితం | ఉదయం 11:40

పోలిక అందంగా ఉంది, ఎంతసేపు నిలుస్తుందో చూద్దాం. పిల్లిపిల్లను మోసేది తల్లి ఒక్కతే. లూథర్ పశువు మీద ఎక్కడానికి ఇద్దరు కొట్లాడుకుంటారు. అగస్టీన్ నుంచి వచ్చిన ఆది పాపం అనే బరువు మన వైపు లేదు. క్లాసులో వాడితే ఈ తేడా కూడా చెప్పాలమ్మా.

ఇంకొక సంగతి ఉంది, నీ నోట్సుకు అసలైన దెబ్బ ఇదే. తన పక్షాన ఎవరున్నారో లూథర్ ఆ పుస్తకంలోనే చెప్పుకున్నాడు. అగస్టీన్ పూర్తిగా నావాడే అన్నాడు, ఇంగ్లండ్ మధ్యయుగ పండితుడు విక్లిఫ్ పేరు చెప్పాడు, లొరెంజో వల్లా పేరు చెప్పాడు. వల్లా ఎవరనుకున్నావు? చక్రవర్తి పోప్‌కు రాజ్యాధికారం రాసిచ్చాడని చెప్పే కాన్‌స్టాంటైన్ దానపత్రం దొంగదని 1440లో లాటిన్ భాషను పరీక్షించి తేల్చిన ఉద్దండ మానవతావాది. అంతకు ఏడాది ముందే స్వేచ్ఛా సంకల్పం మీద ఒక సంభాషణ రాశాడు. సెక్స్‌టస్ అనేవాడు అపోలో దగ్గరికి వెళ్లి తన భవిష్యత్తు అడుగుతాడు. దేశం విడిచి దిక్కులేని చావు చస్తావంటాడు అపోలో. ఇదేం అన్యాయం అని సెక్స్‌టస్ గొడవపడితే, నేను తెలుసుకుంటాను అంతే, నడిపించేవాణ్ణి కాదు, తోడేలును క్రూరంగా, కుందేలును పిరికిగా పుట్టించిన జూపిటరే నిన్నూ ఇలా పుట్టించాడు, వెళ్లి ఆయన్నడుగు అంటాడు. ముందే తెలియడం వల్ల మన స్వేచ్ఛ పోదని వల్లా ఒప్పించాడు. మరి దేవుడి సంకల్పం మాటేమిటన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి, అది మనకు అందేది కాదు, తత్వశాస్త్రం వదిలి విశ్వాసాన్ని పట్టుకుందాం అని ముగించాడు. పునరుజ్జీవన పండితుడే తర్కాన్ని పక్కన పెట్టి మోకరిల్లమన్నాడు. మధ్యయుగపు అక్వినాస్ చివరిదాకా తర్కంతోనే నడిచాడు.

నిప్పుకణిక | మధ్యాహ్నం 1:20

నా వాదన నేను వదలను గానీ, బ్రాడీపేట అన్న రాసింది నన్ను కదిలించింది. ఒకటి గమనించాను. సంకల్పానికి స్వేచ్ఛ లేదన్న లూథరే 1521లో వోర్మ్స్‌లో చక్రవర్తి ఎదుట నిలబడి, నా మనస్సాక్షి దేవుని వాక్యానికి బందీ, మాట వెనక్కి తీసుకోను అన్నాడు. బందీనంటూనే ఎవరికీ లొంగలేదు. ఇది నాకు ఇంతకుముందు తట్టలేదు.

అయినా ఆ దారిలో వచ్చిన ప్రొటెస్టెంట్ నగరం జెనీవా 1553 అక్టోబరులో, త్రిత్వాన్ని కాదన్న సెర్వెటస్‌ను కాల్చింది. దానికి ఎదురుతిరిగినవాడు ఇంకో మానవతావాది, సెబాస్టియన్ కాస్తెల్యో. మనిషిని చంపడం అంటే సిద్ధాంతాన్ని కాపాడటం కాదు, మనిషిని చంపడమే అని రాశాడు. ఆ రాత అచ్చయింది 1612లో, అప్పటికి ఆయన పోయి దాదాపు యాభై ఏళ్లు. చెల్లెమ్మా, సెమినార్‌లో ఈ పేరు ఒక్కటి మర్చిపోకు.

వేయిస్తంభాలు | సాయంత్రం 6:50

మర్చిపోను అన్నా, రాసుకున్నాను.

అందరి మాటలూ కలిపి కాగితం మీద పెట్టుకుని కూర్చున్నా. పాత నోట్సులోని రెండు వాక్యాలూ కొట్టేశాను. మధ్యయుగం, పునరుజ్జీవనం అని రెండు గళ్లు గీస్తే వల్లాను ఎందులో వెయ్యాలో తెలియలేదు, పీకో చివరి రోజులూ పట్టలేదు. అందుకే గళ్లు తీసేసి, ఎరాస్మస్ బిడ్డతో మొదలుపెట్టి వెనక్కి అగస్టీన్ దాకా వెళ్దామనుకుంటున్నా. టైము ఇరవై నిమిషాలే. పాతకాగితం సార్, కాథలిక్ చర్చి చివరికి ఏం తేల్చింది? అదొక్కటి ఖాళీగా ఉంది.

పాతకాగితం | సాయంత్రం 7:15

ట్రెంట్ సభ, 1547 జనవరి 13, ఆరో సమావేశం. ఆదాము పాపంతో స్వేచ్ఛా సంకల్పం బలహీనపడింది, వంగింది, కానీ ఆరిపోలేదు. కృపే ముందుగా పిలుస్తుంది, మనిషి దానికి ఒప్పుకోగలడు, కాదనీ అనగలడు. ఎరాస్మస్ బిడ్డకు దగ్గరగానే వచ్చి ఆగారు. ఆ బిడ్డ కాళ్ల బలం ఎంత అన్న గొడవ మాత్రం ఆ శతాబ్దం చివర్లో డొమినికన్లు, జెసూట్లు అనే రెండు కాథలిక్ సన్యాసి సంఘాల మధ్య మళ్లీ లేచింది. 1607లో పోప్ ఎవరి పక్షానా తీర్పివ్వకుండా, ఒకర్నొకరు తిట్టుకోవద్దని చెప్పి పంపేశాడు. అది ఇరవై నిమిషాల్లో ఇమడదు, వదిలెయ్.

ఆర్నో_ఒడ్డున | రాత్రి 10:30

రేపు మధ్యాహ్నం కార్మినే వైపు వెళ్తున్నాను. హవ్వ మొహం దగ్గరగా ఫోటో తీసి ఇక్కడ పెడతాను, నీ సెమినార్‌లో చూపించుకో తల్లీ.